నొక్కకముందే చెప్పు

మా వీధి మొదట్లో మోటార్లకు వైండింగ్ చేసే కొట్టు ఉంది. మధ్యాహ్నం వాళ్లు వార్నిష్ పూసి ఎండబెడితే ఆ ఘాటు మా మేడ మీదికి వచ్చేస్తుంది. అందరూ కిటికీలు మూసుకుంటారు, నేను మాత్రం తెరుస్తాను. ఆ వాసన తగిలితే మస్తాన్ బాబాయ్ పక్కన నిలబడినట్టే ఉంటుంది.

డిప్లొమా అయ్యాక నేను మొదట పనిచేసింది మాచర్లలో ఆయన దగ్గరే. బావి మోటార్లకు వైండింగ్ చేసి, వాటిని నడిపే, ఆపే స్టార్టర్ పెట్టెలు కూడా తయారుచేసేవాళ్లం. మీటల పక్కన పేర్లు రాయడం నా పని. నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని నాకు కాస్త పొగరు కూడా. ఒకరోజు కోటయ్య అనే రైతు పెట్టె తీసుకెళ్లడానికి వచ్చాడు. నేను ‘రీసెట్’ అని రాసిన మీట మీద అతను వేలు పెట్టబోతుంటే బాబాయ్ ఆపాడు.

“నొక్కబాకయ్యా. నొక్కితే ఏమైద్దో ముందు చెప్పు.”

“ఏముంది, మోటరు ఆగిపోద్ది” అన్నాడు కోటయ్య.

నాకు నవ్వొచ్చింది. అది ఆగిన మోటారును మళ్లీ నడిపే మీట. బాబాయ్ మాత్రం నవ్వలేదు.

“నవ్వుతావేందమ్మాయ్? బావిలో మనిషి ఉన్నప్పుడు ఈయన ఆపుదామని ఇదే నొక్కితే?”

ఆ మీటను నువ్వైతే ఏమంటావని ఆయన కోటయ్యనే అడిగాడు. “మళ్లా తిప్పేది” అన్నాడు కోటయ్య. బాబాయ్ నా ముత్యాలను థిన్నర్‌తో తుడిచేసి, అదే రాయమన్నాడు. నేను మూతి ముడుచుకుంటే, “నీ రాత బాగానే ఉందిలే. నొక్కేది నువ్వు కాదుగా” అని వేడి బజ్జీలు తెప్పించాడు. కోపంతోనే నాలుగు తిన్నాను.

ఇప్పుడు నేను నరసరావుపేటలో ఇంటి నుంచే పనిచేస్తున్నాను. వెబ్ పేజీలు రాసేవాళ్లు వాడే ఆదేశాలకు ప్రపంచమంతటా ఒకే పేరు ఉండేలా ఖరారు చేసే బృందం మాది. ఒక్కసారి ఖాయమైతే ఆ పేరును ఇక మార్చలేం, దాన్ని నమ్ముకుని లెక్కలేనన్ని పేజీలు నడుస్తుంటాయి. ఈమధ్య ఫోనులో దాచుకున్న, సగం నింపిన దరఖాస్తును చెరిపేసే ఆదేశానికి, ఇక దాచడం ముగిసిందన్న అర్థంలో, నేను ‘ఫినిష్’ అని పేరు పెట్టాను. బృందంలో ఒకాయన ‘డిలీట్ డ్రాఫ్ట్’ అన్నాడు. పొడుగ్గా, మోటుగా ఉందని వారాల తరబడి వాదించి ఆయన నోరు మూయించాను.

ఖరారుకు ముందురోజు ఎందుకో బాబాయ్ గుర్తొచ్చాడు. దగ్గర్లోని కాలేజీలో వెబ్ పేజీలు రాయడం నేర్చుకుంటున్న ఐదుగురు పిల్లల్ని కూర్చోబెట్టి, ‘ఫినిష్’ వాడితే దరఖాస్తు ఏమవుతుందని అడిగాను. నలుగురిది ఒకటే జవాబు.

“దరఖాస్తు ఆఫీసుకి వెళ్లిపోద్ది మేడమ్.”

వీళ్లే రేపు స్కాలర్‌షిప్పు పేజీలు రాసేది. పంపామనుకుని ఎవరి దరఖాస్తును చెరిపేస్తారో!

మర్నాడు అందరి ముందూ నా పేరు తప్పని ఒప్పుకుని వెనక్కి తీసుకున్నాను. చెవులు కాలిపోయాయి. దెప్పుతాడనుకున్న ఆ ‘డిలీట్ డ్రాఫ్ట్’ ఆయన, ఎలా తెలిసిందని మాత్రమే అడిగాడు. మాచర్లలోని ఒక కొట్టు గురించి చెప్పాను. ఆయన పేరే ఖాయమైంది. ఆ సాయంత్రం నేను హాయిగా ఉన్నాను, అబద్ధమెందుకు.

బాబాయ్ ఇప్పుడు లేడు. కొత్త పేరేదైనా తట్టగానే, ఏమీ తెలియని మనిషి ముందు పెట్టి, ఇది ఏం చేస్తుందో చెప్పమని జవాబు కోసం కూర్చుంటాను. వాళ్లు తడబడుతుంటే సాయం చెయ్యాలని నాలుక దురద పెడుతుంది. అప్పుడు నోరు మూసుకుని ఉండటమే ఆయన నాకు నేర్పిన పని. అదింకా నాకు పూర్తిగా రాలేదు.