సగం నాటకం

మేము సారపాకలో మిల్లు క్వార్టర్‌లో ఉన్న రోజుల్లో, ఆదివారం మధ్యాహ్నాలు కంప్యూటర్ ముందు కూర్చుని పాత పద్యనాటకాలు చదివేవాణ్ణి. ఒక్కణ్ణే కాదు. ఇంటర్నెట్‌లో మాదొక గుంపు ఉండేది. ఖమ్మం నుంచి ఒక పెద్దాయన, సత్తుపల్లి నుంచి ఒక టీచరమ్మ, ఇంకా ఎక్కడెక్కడి వాళ్ళో. ఒకరి మొహం ఒకరికి తెలియదు. పాత్రలు పంచుకుని వారానికి కొంత చదువుకునేవాళ్ళం. ఒకరు మైకు మీట నొక్కి పట్టుకుంటే మిగతావాళ్ళంతా వినవలసిందే. నా వంతు వచ్చాక ఆ మీట మీది నుంచి వేలు తీయాలంటే నాకు ప్రాణం ఒప్పేది కాదు. కుర్రతనంలో స్టేజీ మీద పాడినవాణ్ణి. ఒక పాదం చాలు, రాగం తీసుకుంటూ అడవి దాకా పోయి వచ్చేవాణ్ణి. పాపం, వాళ్ళు ఓపికగా కూర్చునేవాళ్ళు.

ఆ ఏడు చదువుతున్నది జూదంలో రాజ్యం పోగొట్టుకున్న ఒక రాజు కథ. రాజు నేను. రాణి టీచరమ్మ.

అప్పట్లో మా కంప్యూటర్లలో తెలుగు సరిగ్గా కనిపించేది కాదు. పెద్దాయన పద్యాలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి పంపేవాడు. వాటిని చూస్తూ రాగం తీయడం నా వల్ల కాలేదు. నా భార్య శనివారాలు కూర్చుని, నా పద్యాలను తెలుగులో పెద్ద పెద్దగా రాసి ఇచ్చేది. నా పద్యాలు మాత్రమే. రాణివి మనకెందుకు అన్నాను.

హెడ్‌సెట్ ఒక్కటే. అది నా చెవులకే ఉండేది. ఆమె పక్కన కూర్చుని చింతపండు గింజలు తీసుకుంటూ వినేది. నేను రాగంలో పడి తరువాతి మాట మరిచిపోతే మెల్లగా అందించేది.

ఒక ఆదివారం టీచరమ్మ రాలేదు. వాళ్ళ దగ్గర కరెంటు పోయిందట. అప్పుడు పెద్దాయన నా చెవిలో, "మీ ఎనక నుంచి ఎవరో పద్యం అందిస్తరు గద. ఆమెతోని చదివియ్యరాదు?" అన్నాడు.

ఆమె గొంతు వాళ్ళకు వినబడుతోందని నాకు అప్పటిదాకా తెలియదు. "ఆమెకు ఇవన్నీ రావండీ" అన్నాను.

నా భార్యకు వినిపించింది ఆ జవాబు ఒక్కటే. ప్రశ్న ఏమిటో ఊహించుకుంది. చేతిలో పని ఆపి, "నాకు రావని నేనెన్నడన్న చెప్పిన్నా?" అంది. కోపంగా కూడా కాదు. నా వేలు ఇంకా మీట మీదే ఉంది. అందరూ విన్నారు.

గబుక్కున మీట వదిలాను. తరువాత పెద్దాయన, "అవ్, మేం గూడ విన్నం. ఆమెకియ్యి బిడ్డా. రాజ్యమే ఇడిసిపెట్టినవ్, మైకు ఇడువలేవా?" అన్నాడు.

హెడ్‌సెట్ తీసి ఇచ్చాను. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న రాణి పద్యం చదివింది. తడబడింది. రాగం లేదు. మాటను కూడబలుక్కుని, కుదిరాక మళ్ళీ పలికింది. చివరికి వచ్చి మీట వదిలి, చెవుల్లో ఏదో వింటూ నవ్వింది. ఏమంటున్నారని అడిగాను. ఆగమన్నట్టు చెయ్యి చూపించింది. ఇన్ని నెలలూ ఆమె కూర్చున్న చోటు ఎలాంటిదో అప్పుడు తెలిసింది. పక్కనే నాటకం నడుస్తుంటుంది, మనకు సగమే వినబడుతుంది.

ఆమె నా వైపు తిరిగి, "ఇంతకు జూదానికి పొయ్యే ముందు రాణి వద్దన్నదా, ఊకున్నదా?" అని అడిగింది.

గుర్తు లేదన్నాను. అది నిజం కాదు. అసలు వినలేదు. రాణి పద్యాలు వస్తున్నప్పుడు నేను నీళ్ళు తాగి గొంతు సవరించుకునేవాణ్ణి. నా వంతు వచ్చిందని తెలియడానికి ఆఖరి మాట ఒక్కటి పట్టుకుంటే చాలనుకునేవాణ్ణి. కాస్త ఆగి, ఆ సంగతే ఆమెకు చెప్పాను. ఆమె అదే ప్రశ్న మైకులో అడిగింది. చాలాసేపు విన్నది.

"వచ్చే వారం మొదటి నుంచి సదువుదమంటున్నరు. నేను ఇనలే గద అని" అని చెప్పింది.

నాటకం అప్పటికి చివరి అంకంలో ఉంది. ఇంకో రెండు మూడు వారాల్లో అయిపోయేది. మొహం తెలియని ఒక మనిషి వినలేదని వాళ్ళంతా వెనక్కి రావడానికి ఒప్పుకున్నారు. కరెంటు వచ్చాక సంగతి తెలిసిన టీచరమ్మ, ఇక ముందు రాణి పద్యాలు చెరి సగం చదువుదామని నా భార్యకు రాసింది. నన్ను ఎవరూ తప్పు పట్టలేదు. వాళ్ళకు అప్పుడు సరిగ్గా దండం కూడా పెట్టలేదు నేను. ఇప్పుడు పెడుతున్నాను.

ఆ వారం వంతెన దాటి భద్రాచలం పోయి ఇంకో హెడ్‌సెట్టూ, రెండింటినీ ఒకే కంప్యూటరుకు కలిపే పిన్నూ తెచ్చాను. ఆదివారం ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. టీచరమ్మ మొదలుపెట్టింది. రాణి వద్దన్నది. ఒకసారి కాదు, పద్యం వెనక పద్యం. బతిమాలింది, ఎత్తిపొడిచింది, పిల్లల్ని చూపించింది. నేను వింటూ ఉండిపోయాను. అటువైపు మాట ఆగింది కూడా గమనించలేదు.

నా భార్య మోచేత్తో పొడిచి, "నీ వంతే" అంది.