గవ్వలు కట్టిన పాట

నేను చాలాసార్లు స్టేజీ ఎక్కా గానీ, నందిగామ స్కూలు యానివర్సరీలో పడినన్ని చప్పట్లు మళ్ళీ ఎప్పుడూ పడలేదు. అవి ఎందుకు పడ్డాయో చెప్తా వినండి.

డెబ్బైల చివర్లో మాట. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో నందిగామ వెళ్ళి ఒక ప్రైవేటు స్కూల్లో మ్యూజిక్ చెప్పేదాన్ని. చర్చిలో ఆర్గాన్ వాయించిన చెయ్యి కదా, ఎవరో దొరలు వదిలేసి వెళ్ళిన పాత పియానో ఒకటి స్కూల్లో ఉంటే అదీ నాకే అప్పజెప్పారు. అయితే ఆ ఏడు మ్యూజిక్ పీరియడ్ తీసేసి కుట్టుపని పెట్టిద్దామని కరస్పాండెంటు గారు అంటున్నారని హెడ్మిస్ట్రెస్ గారు నా చెవినేశారు. యానివర్సరీలో ఆయన్ని మెప్పిస్తేనే నా ఉద్యోగం ఉండేది.

మామూలు పాట వాయిస్తే ఏం మెప్పు? లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పత్రికలో చదివా, ఫారిన్‌లో కొందరు నాణేలు ఎగరేసి, ఏది పడితే ఆ స్వరం రాసుకుని పియానో మీద వాయిస్తారట. అందులో మన ఇష్టాయిష్టాలు ఉండకూడదట. నాణేలెందుకు, గవ్వలున్నాయిగా అనుకున్నా. ఆరు గవ్వలు వేస్తే ఒక్కటీ వెల్లకిలా పడకపోతే స, ఒకటి పడితే రి, అలా ఆరూ పడితే ని. మళ్ళీ వేసి, ఎన్ని పడితే అంతసేపు ఆగాలి.

అమ్మనీ, పక్కింటి బీబమ్మ గారినీ కూర్చోబెట్టి వేయించా. కాసేపటికి ఇద్దరూ అది పందెమే అనుకుని, నువ్వు తొండి చేశావంటే నువ్వు చేశావని వాదులాడుకున్నారు. నేను మాత్రం పడింది పడినట్టు రాసుకున్నా. ఒక్క స్వరం మార్చలేదు. జిల్లాలో ఎవరూ చేయని పని చేస్తున్నానని ధీమాగా కూడా ఉంది.

ఆ రోజు పట్టుచీర కట్టుకుని పియానో ముందు కూర్చున్నా. ఒక ని. గ్యాప్. ఒక గ. పెద్ద గ్యాప్. మళ్ళీ అదే గ. జనం ఊపిరి బిగబట్టి వింటున్నారు. నేను కళ్ళు మూసుకుని మరీ వాయించా. చివరి స నొక్కి లేచి నమస్కారం పెట్టేసరికి షామియానా అదిరిపోయింది.

కరస్పాండెంటు గారు మైకు అందుకున్నారు.

"చూశారా ఎంత ఓపికో. ఒక్కో మెట్టూ నొక్కి చూసుకుంటూ, పాడైపోయిన పియానోని మన కళ్ళముందే బాగుచేసింది. అమ్మా, ఇక పాట మొదలుపెట్టండి."

అదే పాటండీ అని చెబుదామని నోరు తెరిచా. హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళతోనే వద్దన్నారు. మళ్ళీ కూర్చుని, ఒకటో క్లాసు పిల్లలకి నేర్పే ప్రార్థన వాయించా. ఆయనకి కళ్ళు చెమర్చాయి. రిపేరయ్యాక ఎంత హాయిగా పలుకుతోందో అంటూ, మ్యూజిక్ పీరియడ్ ఉంటుందని అక్కడికక్కడే చెప్పేశారు.

వారం తిరక్కుండా చందర్లపాడు నుంచి ఒకాయన హార్మోనియం నెత్తిన పెట్టుకుని స్కూలుకొచ్చాడు. రెండు మెట్లు పలకడం లేదట.

"మొన్న పియానోకి చేసినంతసేపు మాత్రం చెయ్యకండి మేడం" అన్నాడు మొహమాటంగా. "నాకు సాయంత్రం బస్సుంది."

ఏం చేస్తా, లోపలికి తీసుకెళ్ళా. జిల్లాలో పేరున్న మెకానిక్‌ని మరి.