పాపకు లేని కడుపునొప్పి

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోసి మోసి, బరువు తెలియడం కూడా మానేసింది. మొన్న శనివారం మళ్లీ తెలిసింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మేము మిషిగన్‌లోని ఈ చిన్న ఊరికి వచ్చేసరికి పాపకు ఆరేళ్లు, చిన్నదానికి పది నెలలు. ఉన్న ఒక్క కారు వేసుకుని మావారు ఏడింటికల్లా ఫ్యాక్టరీకి వెళ్లిపోయేవారు. ఎనిమిదింటికి పసుపుపచ్చ బస్సు వచ్చి పాపను ఎక్కించుకుపోయేది. చిన్నది పాలు తాగి నిద్రపోయేది. నేను కిటికీ దగ్గర నిలబడి పార్కింగులో కార్లు చూసేదాన్ని. బాపట్లలో మా ఇంట్లో నోరు మూసుకోమని నన్ను రోజుకు పదిసార్లు కసిరేవాళ్లు, అంత వాగుడుకాయను. ఇక్కడ ఒక్కోరోజు సాయంత్రం మావారు తలుపు కొడితే, పలికిన గొంతు నాదేనా అనిపించేది.

నవంబరులో మంచు మొదలైంది. ఒక ఉదయం పాపకు నిజంగానే కాస్త నలతగా ఉంటే స్కూలు మాన్పించాను. ఎంత హాయిగా గడిచిందో ఆ రోజు! చపాతీ పిండితో బొమ్మలు చేసుకున్నాం. మా మేనత్తల పోట్లాటలన్నీ దానికి చెప్పాను. ఏం అర్థమైందో గానీ పకపకా నవ్వింది.

మర్నాడు దానికి ఏమీ లేదు. అయినా స్కూలుకు ఫోన్ చేసి, కడుపునొప్పి, ఈరోజు రాదు అన్నాను. తడుముకోకుండా నేను ఇంగ్లీషులో చెప్పిన మొదటి మాట అదే.

తర్వాత వారానికో రోజు. ఆ తర్వాత రెండు, మూడు. తప్పని తెలియదా? తెలుసు. మా నాన్నగారు బడిపంతులు. బడి ఎగ్గొట్టిన పిల్లల ఇళ్లకు వెళ్లి మరీ పిలుచుకొచ్చేవారు. ఆయన కూతుర్ని నేను.

అబద్ధం చెప్పమని పాపకు ఏనాడూ చెప్పలేదు. పొట్ట మీద చెయ్యి వేసి, ఇక్కడ నొప్పిగా ఉంది కదూ అని అడిగేదాన్ని, అంతే. ఆరేళ్ల పిల్ల, అమ్మ అడిగితే లేదంటుందా? ఫిబ్రవరిలో ఒక ఉదయం, ఒక కాలికి బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని నా మొహంలోకి చూసింది.

"అమ్మా, ఇవాళ నాకు కడుపునొప్పి ఉందా?"

"ఉందమ్మా."

బూటు విప్పేసింది.

స్కూలు నుంచి వచ్చిన ఉత్తరం మావారి చేతిలో పడింది. ఆయన హడలిపోయి డాక్టర్ల చుట్టూ తిప్పారు. సూది గుచ్చి రక్తం తీస్తుంటే పాప ఏడవలేదు, నా వైపే చూస్తూ కూర్చుంది. ఏమీ దొరకలేదు. పాలు పడటం లేదేమోనని పాలూ పెరుగూ మాన్పించారు. పెరుగన్నం లేనిదే ముద్ద దిగని పిల్ల, చారన్నంతో లేచిపోయేది. ఆ ఏడు దాన్ని పై క్లాసుకు పంపలేదు.

నెలకోసారి నాలుగు తెలుగు కుటుంబాల వాళ్లం ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో ప్రార్థన పెట్టుకునేవాళ్లం. ఒకసారి అందరూ పాప చుట్టూ చేరి, తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. ఒకావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నది నేనే. అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది. కానీ ఈ దేశంలో నాకున్న మనుషులు వాళ్లే, వాళ్లు కూడా మొహం తిప్పుకుంటే నేనెవరితో మాట్లాడను?

మళ్లీ ఆకులు రాలే వేళకు చిన్నదానికి మాటలొచ్చాయి. రోజంతా నా కొంగు పట్టుకుని ముద్దుముద్దుగా ఏదో ఒకటి అడిగేది. నాకు తోడు దొరికింది. పాప కడుపునొప్పి పోయింది.

దేవుడు బాగుచేశాడన్నారు అందరూ. ఆ మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడి చెప్పాను. ఒంటరితనం మనిషి చేత ఇంత పని చేయిస్తుందా? లేక ఇదంతా మొదటి నుంచీ నాలోనే ఉండి, ఒంటరితనాన్ని వంకగా పెట్టుకున్నానా? ఇన్నేళ్లు ఆలోచించినా తేల్చుకోలేకపోయాను.

పాపకు ఇప్పుడు పదిహేడు. వచ్చే ఆదివారం బాప్తిస్మం తీసుకుంటోంది. మొన్న శనివారం, ఆ రోజు చెప్పాల్సిన తన సాక్ష్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగులో రాసుకుని, నా పక్కన వచ్చి కూర్చుంది.

"అమ్మా, నా తెలుగు కొంచెం కరెక్ట్ చెయ్యవా? ఆంటీస్ నవ్వుతారు," అని చదవడం మొదలుపెట్టింది. "నాకు సిక్స్ ఇయర్స్ అప్పుడు ఒక జబ్బు ఉంది. డాక్టర్స్‌కి తెలీలేదు. దేవుడు నన్ను బాగు చేసాడు. అందుకే నేను ఆయన్ని నమ్ముతాను."

అందుకే, అంది.

నేనేం చేశానో తెలుసా? బాగు చేశాడు అనకు, స్వస్థపరిచాడు అను, బాగుంటుంది అన్నాను. నోరు తిరగక అది నవ్వింది. వచ్చేదాకా మూడుసార్లు పలికించాను.

ఆదివారం ముందు వరుసలో కూర్చుంటాను. దానికి చెప్పను. చెబితే దాని జబ్బుతోపాటు దాని దేవుడు కూడా పోతాడేమో. ఇది దాని మీద ప్రేమో, నా మీద నాకున్న భయమో నన్నడగకండి. క్షమించమనీ అడగను, క్షమించాల్సింది మీరు కాదు. నిజం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలనిపించింది, అంతే.

నా కూతురికి ఏనాడూ ఏ జబ్బూ లేదు.

హమ్మయ్య, రాసేశాను.