వెనక మూత లేని హెడ్‌ఫోన్లు

మా ఇల్లు మైక్‌సెట్ దుకాణం మీద ఉంటుంది. కింద దుకాణం, పైన మేం. పెళ్లికో ఫంక్షన్‌కో సౌండు బాక్సులు పంపే ముందు మా ఆయన వాటిని ఒకసారి మోగించి చూసుకుంటాడు. అప్పుడు మా వంటింట్లో గిన్నెలు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. కిటికీ అద్దం వణుకుతుంది. పెళ్లయిన కొత్తలో నేను ఉలిక్కిపడి చేతిలో ఉన్నది కింద పడేసేదాన్ని. మా పాప మాత్రం దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆ చప్పుడులోనే హాయిగా నిద్రపోయేది.

మొదట్లో అది మాకు గొప్పగా ఉండేది. పాపను చూడటానికి ఎవరొచ్చినా మా అత్తమ్మ చెప్పేది: "మైక్‌సెట్టోని బిడ్డ గదా. దునియా కూలినా లేవది."

ఐదో నెలలో నాకు భయం పట్టుకుంది. ఒకరోజు పక్కింటామె తన కొడుకును ఎత్తుకుని వచ్చింది. వాడిదీ మా పాపదీ ఒకటే ఈడు. ఇద్దరినీ బొంత మీద పక్కపక్కనే పడుకోబెట్టాం. వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. వాడు అదిరిపడి, పెదవి వంచి, ఏడుపు ఎత్తుకున్నాడు. మా పాప తన వేళ్లు తాను చూసుకుంటూ ఉంది. వాడు ఎందుకు ఏడుస్తున్నాడో అని కూడా తిరిగి చూడలేదు.

పక్కింటామె గమనించిందో లేదో తెలియదు. నేను మాత్రం గమనించాను. ఆమె వెళ్లగానే పాప వెనక నిలబడి చప్పట్లు కొట్టాను. కదలలేదు. స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టాను. కదలలేదు. అత్తమ్మ వచ్చి పళ్లెం నా చేతిలోంచి తీసుకుని, తను నాకన్నా గట్టిగా కొట్టింది. "గిటు జూడు బిడ్డా, నాయనమ్మ దిక్కు జూడు" అంది. పాప ఫ్యాను వైపు చూసి నవ్వింది. అత్తమ్మ ఆ పళ్లేన్ని మెల్లగా గట్టు మీద పెట్టి, దేవుడి గదిలోకి వెళ్లిపోయింది.

నేను బీఎస్సీ చదివాను. ఆ రోజుల్లో నా చదువు నాకు భయపడటానికే ఉపయోగపడింది. పాపకు పాలిస్తూ ఒక చేత్తో ఫోనులో వెతికేదాన్ని. ఈ నెలకు చప్పుడు వైపు తల తిప్పాలి, ఆ నెలకు పిలిస్తే పలకాలి అని ఎక్కడ చూసినా ఒకటే మాట. చదివిన కొద్దీ ఇంకో భయం మొదలైంది. కడుపుతో ఉన్నప్పుడు నేను ఉన్నది ఈ ఇంట్లోనే. వినాయక చవితి దినాల్లో కింద బాక్సులు మోగుతుంటే, ఆ అదురు నా పక్కటెముకల్లో తెలిసేది.

పాపకు వినపడటం లేదేమో అని మా ఆయనతో అన్నాను.

"నువ్వు ఊకె పళ్లెం కొడ్తే ఆమె ఎందుకు జూస్తది?" అన్నాడు. "పుట్టినకాంచి గసొంటి లొల్లిలనే ఉన్నది. ఆమెకు అది లెక్కనే లేదు."

"నీ బాక్సుల వల్లనే పోయిందేమో."

ఆయన చొక్కా తొడుక్కుని కిందికి దిగిపోయాడు. మర్నాటి నుంచి వంటింట్లో గిన్నెలు మోగడం ఆగిపోయింది. బాక్సులను ట్రాలీలో వేసుకుని, పాపన్నపేట దారిలో స్నేహితుడికున్న షెడ్డుకు తీసుకెళ్లి, అక్కడ పొలాల మధ్య మోగించి చూసుకుంటున్నాడని తర్వాత తెలిసింది. నాతో అనలేదు. గిన్నెలు ఊరుకున్నప్పుడే నాకు అర్థమైంది, ఆయనకూ భయంగానే ఉందని.

పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. పుట్టినప్పుడు చెవుల పరీక్ష చేయించారా అని ఆమె అడిగింది. మేం చేయించలేదు. "పరేషాన్ గాకుండ్రి. చెవి పరీక్ష చేసే ఆయన శనివారం మిషన్ పట్టుకొని వస్తడు. పాపను నిద్రపుచ్చి తీసుకరండ్రి" అంది. శనివారానికి ఇంకా చాలా దూరం ఉన్నట్టు అనిపించింది.

ఇప్పుడు హెడ్‌ఫోన్ల సంగతి చెప్పాలి. మా ఆయనకు ఒకే ఒక్క పిచ్చి ఉంది. రోజంతా గుండెలదిరే చప్పుడును కిరాయికి ఇచ్చే మనిషి, ఇంటికి వచ్చాక చిన్న చిన్న చప్పుళ్లు వెతుక్కుంటాడు. వయొలిన్ మీద కమాను మొదట ఆనినప్పుడు వచ్చే గరగర, పాడే మనిషి చరణానికి ముందు తీసుకునే ఊపిరి, అలాంటివి. వాటి కోసమే హైదరాబాద్‌లో తనలాంటి పిచ్చే ఉన్న ఒకాయన దగ్గర, ఆయన వాడి వదిలేసిన రిబ్బన్ హెడ్‌ఫోన్లు కొన్నాడు. మామూలు వాటిలో పలుచని పొర ఒకటి తీగచుట్టతో కదిలి చప్పుడు చేస్తుందట. వీటిలో దాని బదులు అయస్కాంతాల మధ్య వేలాడే అల్యూమినియం రేకు ఉంటుంది, ముడతలు ముడతలుగా. చాక్లెట్ చుట్టిన రేకు కన్నా పలుచన. గట్టిగా ఊదితే చినిగిపోతుందని నన్ను వాటి దగ్గర తుమ్మనిచ్చేవాడు కాదు. వెనక వైపు మూత ఉండదు, జాలీ మాత్రమే. అందుకే లోపలి పాట గదిలోకి వస్తుంది, గదిలో మాటలు లోపలికి పోతాయి. బస్సులో పెట్టుకోవడానికి పనికిరావు. ఆయన వాటిని బీరువాలో, నా పెళ్లి చీరల పక్కన పెడతాడు.

అవి ఇంటికి వచ్చిన రోజు అత్తమ్మ తిప్పి తిప్పి చూసి అంది: "ఎనక మూతల్లేవేంది కొడుకా? ఆయన నీకు మూతలియ్యకుంట అంటగట్టిండా?"

"గవి గట్లనే ఉంటయమ్మా."

"గట్లనే ఉంటె దుమ్ము వోదా?"

మా ఇంట్లో టీవీకి గలీబు, అంటే గుడ్డ తొడుగు, ఉంటుంది. ఫ్రిజ్‌కు, మిక్సీకి, కుట్టు మిషన్‌కు కూడా గలీబులు ఉంటాయి. అన్నీ అత్తమ్మ కుట్టినవే. మనసు బాగా లేకపోతే ఆమె కుట్టు మిషన్ ముందు కూర్చుంటుంది. ఆ వారమంతా మిషన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. దిండ్లకు అయిపోయాయి, పాప పరుపుకు అయిపోయింది. శుక్రవారం పొద్దున ఏం కుడుతోందో నేను చూడలేదు.

ఆ సాయంత్రం మా ఆయన తొందరగా వచ్చాడు. బీరువా తెరిచి, హెడ్‌ఫోన్లు చేతిలోకి తీసుకుని, కాసేపు అలాగే నిలబడ్డాడు. రెండు వైపులా జాలీలకు పువ్వుల గలీబులు తొడిగి ఉన్నాయి. నా పాత చీర ముక్కలను మూడు నాలుగు పొరలు వేసి, బొంత కుట్టినట్టు కుట్టి, అంచుకు ఎలాస్టిక్ పెట్టింది.

"గిదేందమ్మా?"

"గలీబు. మంచిగ కూసున్నది గదా. కొలత తీసుకోకుంటనే కుట్టిన."

"గాలాడొద్దా అమ్మా దానికి? సౌండు పాడైతది."

"ఏమన్న పచ్చడి జాడీనా, గాలాడనీకి? జర వెట్టుకొని జూడు, తర్వాత జెప్పు."

వేరే రోజయితే ఆయన వాదించేవాడు. ఆ రోజు తల్లి మాట తీసేయాలనిపించలేదేమో, బొంత మీద పాప పక్కన చతికిలబడి, గలీబులతోనే హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ముఖం చిట్లించాడు. వాల్యూం పెంచాడు. ఇంకా పెంచాడు. నేను వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను.

"దుప్పటి కింద నుంచి ఇన్నట్టున్నదమ్మా" అంటూ పాప వైపున్న గలీబును ఎలాస్టిక్ పట్టుకుని లాగేశాడు.

ఆ జాలీలోంచి వయొలిన్ సన్నగా గదిలోకి వచ్చింది. ఎక్కడో మూడిళ్ల అవతల రేడియో పెట్టినట్టు. పాప వేళ్లు చప్పరించడం ఆపింది. మెడ తిప్పి ఆయన చెవి వైపు చూసింది.

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"మల్ల తొడుగు" అన్నాను.

"ఏంది?"

"ఆ గలీబు. మల్ల తొడుగు."

నాకు కోపం వచ్చిందనుకుని తొడిగాడు. పాప కాసేపు చూసి, ముఖం తిప్పుకుని, మళ్లీ వేళ్లు నోట్లో పెట్టుకుంది.

"ఇప్పుడు తియ్యి."

తీశాడు. పాప తిరిగింది. ఈసారి ఆయన కూడా చూశాడు.

అప్పటికీ నేను నమ్మలేదు. కదిలే చేతిని చూసి తిరిగిందేమో. అత్తమ్మను పాపను ఎత్తుకుని గోడ వైపు తిరిగి నిలబడమన్నాను. పాపకు నీళ్ల ఫిల్టరు తప్ప ఏమీ కనిపించకూడదు. హెడ్‌ఫోన్లు పట్టుకుని వెనక నుంచి ఎడమ వైపుకు చప్పుడు కాకుండా నడిచాను. ఆ రేకు గుర్తొచ్చి ఊపిరి కూడా బిగబట్టాను. గలీబు ఉన్నంతసేపూ ఏమీ లేదు. తీయగానే పాప అత్తమ్మ భుజం మీదుగా ఎడమ పక్కకు తిరిగి వెతికింది. కుడి వైపు నుంచి చేశాను. కుడి వైపుకు వెతికింది.

"ఇన్నది" అంది అత్తమ్మ గోడతోనే. "ఇన్నదే పిల్లా. మెడ తిప్పితె నాకు ఎరుకైతున్నది."

మా ఆయన బొంత మీద కూర్చుని ఆ గుండ్రటి గలీబును మడతపెట్టబోతున్నాడు. దాన్ని ఎక్కడ మడవాలో ఆయనకు తెలియడం లేదు.

శనివారం ఎలాగూ వెళ్లాం. ఇంట్లో చూసింది చాలని మా ఆయన అన్నా, నాకు మిషన్ చెబితే గానీ ఊరట ఉండదు. చెవి పరీక్ష చేసే ఆయన గది తలుపు మూసి, ఏసీ కూడా ఆపేసి, పాపను నిద్రపుచ్చమన్నాడు. అంత నిశ్శబ్దం పాప ఎన్నడూ ఎరగదు. కళ్లు పెద్దవి చేసుకుని ఆ గదినంతా చూస్తూ ఉంది. జోకొట్టాను, ఊపాను, పాలిచ్చాను. నిద్ర రాలేదు. చివరికి మా ఆయన పాపను ఎత్తుకుని బస్టాండు రోడ్డు మీదికి పోయాడు. షేర్ ఆటోల హారన్లు, జ్యూస్ బండి మిషన్ మోత మధ్య నిలబడ్డాడు. తిరిగి వచ్చేసరికి పాప గాఢ నిద్రలో ఉంది.

పరీక్ష చేసే ఆయన పాప చెవిలో చిన్న గొట్టం పెట్టాడు, తర్వాత రెండో చెవిలో. నేను ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాను.

"రెండు చెవులు మంచిగున్నయమ్మా" అన్నాడు.

ఇంకోసారి చెప్పమని అడిగాను. నవ్వి, ఇంకోసారి చెప్పాడు. రోజూ వినే చప్పుళ్లకు పిల్లలు అలవాటు పడి పట్టించుకోకపోవడం ఉంటుందని, అయినా ఆ బాక్సులకు దూరంగానే ఉంచమని మా ఆయనతో అన్నాడు. మా ఆయన అప్పటికే వాటిని దూరంగా తీసుకెళుతున్న సంగతి చెప్పలేదు. "సరే సార్" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ మెట్ల మీదే నిలబడి ఉంది. విషయం విని, పాప రెండు చెవులనూ ముట్టుకుని, నా వైపు తిరిగింది. "నేను గలీబు కుట్టకపోతె మీకు ఎరుకైతుండెనా?" అంది. ఇప్పటికీ ఎవరొచ్చినా ఆ కథే చెబుతుంది. ఆ కథలో వయొలిన్ ఉండదు, రేకు ఉండదు, గలీబు మాత్రమే ఉంటుంది. ఆ రెండు గలీబులూ ఇప్పుడు ఆవకాయ జాడీల మూతుల మీద సరిగ్గా కూర్చున్నాయి.

బాక్సులు ఇంకా ఆ షెడ్డులోనే మోగుతున్నాయి. ఇల్లు నిశ్శబ్దమైంది. దానికి తోడు పాప నిద్ర కూడా పలుచబడింది. బీరువా గొళ్లెం తీసినా లేస్తుంది. బిస్కెట్ ప్యాకెట్ విప్పినా లేస్తుంది. నిన్న మధ్యాహ్నం గాజులు చప్పుడై లేస్తే, ఈ పిల్లతో వేగలేకపోతున్నానని విసుక్కున్నాను.

"ఇనవడ్తలేదని ఏడ్చినవ్, ఇప్పుడు ఇనవడ్తున్నదని ఏడుస్తున్నవ్" అంది అత్తమ్మ. "నీకు ఏమిచ్చి సముదాయించాలె పిల్లా?"

ఇది రాస్తుంటే మా ఆయన మంచానికి ఆ చివర గోడకు ఆనుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటున్నాడు. ఆ సన్నటి వయొలిన్ ఇక్కడికి వినిపిస్తోంది. మా ఇద్దరి మధ్య పడుకున్న పాప నిద్రలో కనుబొమలు కదిపింది.

"జర తగ్గించు" అన్నాను మెల్లగా. "బిడ్డకు ఇనవడ్తది."

వెనక మూత లేదు కాబట్టి నా మాట ఆయనకు వినపడింది. తగ్గించాడు.