బోణీ చెయ్యి

"ఇంగ నూనె కాగలే. జర అటు కూసో, మంది రానియ్."

"కాగిందమ్మా. నాకు ఈడికి వాసనొస్తుంది."

మా అమ్మ నాతోని అన్న ఆఖరి మాట మొదటిది, నేను అమ్మతోని అన్న ఆఖరి మాట రెండోది. దాని తర్వాత పదకొండేండ్లు ఇద్దరం బతికే ఉన్నం గని మాటంటే మాట లేదు. నా మొగుడు కామెర్లతోని పోయి అప్పటికి మూడు నెలలు. పిల్లలు నిలవలేదు, అత్తింట్ల నిలువనీడ లేదు, పుట్టింటికొచ్చిన. వచ్చిన తెల్లారి అమ్మకు ఆసరైతనని రాయచూరు పక్క చిక్కసూగూరుల బస్సులు ఆగే కాడ మా బజ్జీల బండి ముంగట నిలవడ్డ. బాండ్లిల నూనె పొగలు కక్కుతుంది. అమ్మ నా మొకం చూడకుంట ఆ మాటన్నది. ఆ మాటకు అర్థమేందో నాకు తెలిసినంత ఎవరికీ తెల్వదు, ఎందుకంటె చిన్నప్పుడు ఆ మాట ఇంకొకామెకు చెప్పింది నేనే.

ఇది రాస్తున్నది నా తమ్ముని బిడ్డ రేణుక. నాకు సంతకం ఒక్కటే వస్తది, అది గూడ కన్నడంల. రేణుక గద్వాల హాస్టల్ల ఉండి తెలుగు చదివింది గనక నేను చెప్తుంటె రాస్తుంది.

మా అమ్మ పేరు తిమ్మక్క. మా నాయిన జిన్నింగు మిల్లుల పత్తి మోస్తుండె, ఇంటికొస్తె మీసాల మీద, రెప్పల మీద తెల్లటి దూది అంటుకోని ఉంటుండె, మేము ఊదితె ఎగురుతుండె. అమ్మ కోడి కూయంగనె లేచి బండికి కావల్సినవి చేసుకుంటుండె, మేము గూడ కండ్లు నలుపుకుంట లేస్తుంటిమి. బొరుగులు నీళ్లల్ల ముంచి రెండు చేతుల మధ్యల పిండేది నా పని, పిండినప్పుడు చెయ్యికి తగిలే ఆ సల్లదనం, బొరుగు మెత్తబడేటప్పుడు వచ్చే ఆ తడి వాసన ఇప్పటికీ నా చేతులల్ల ఉన్నది. పుట్నాలు, ఎండు కొబ్బరి, ఎల్లిగడ్డ రోట్లె వేసి దంచేది, పచ్చిమిరపకాయ కడుపు చీరి వాము, చింతపండు, ఉప్పు కూరేది, శనగపిండిని అమ్మ చేత్తోనే గుండ్రంగ తిప్పి తిప్పి, ఒక బొట్టు నీళ్లల్ల వేస్తె తేలేదాక కొట్టేది. నూనె కుసుమల నూనె, ఊర్ల గానుగల ఆడిచ్చింది. ఆ బొరుగులతోని చేసిన ఒగ్గాని మీద నిమ్మకాయ పిండి, పక్కన రెండు బజ్జీలు పెట్టి మోదుగాకుల ఇస్తుండె. ఆ వేడికి ఆకు గూడ ఒక వాసనొస్తుండె, ఆ వాసనతోనే సగం కడుపు నిండుతుండె.

వానకాలం వస్తె నల్లరేగడి మట్టి చెప్పులకు అంటుకోని ఏనుగు కాళ్లోలె నడిచే జనం మా గోనెపట్ట కిందికి దూరి, ఒకని భుజం మీంచి ఒకడు చెయ్యి చాపుతుండిరి. చలికాలం అమ్మ ఒక మూలకు పచ్చి కందికాయలు ఉడకబెడుతుండె, మేము చింతగింజలతోని అచ్చనగండ్లు ఆడుకుంట అవి తిని ఆడనే పొట్టు ఊస్తుంటిమి. పీర్ల పండుగకు బండి మూసేది, ఆ పది దినాలు అమ్మ మసాల వాసన రాకుంట తలకు పోసుకోని మలీద చేస్తుండె, బెల్లం, గోధుమ రొట్టె కలిపి నలిపిన ముద్దలు, పీర్ల కాడ సాయిబులకిచ్చి, మిగిలినవి మాకు. ఎండకాలమైతె చెప్పే పనే లేదు, రాయచూరు గుట్టల రాళ్లు పొయ్యి రాళ్లోలె కాగుతుండె, అయినా జనం బజ్జి తినేది ఆపలే. "ఎండకు ఎండే మందు తిమ్మక్కా, ఇంకో రెండెయ్యి" అని కండక్టర్లు అంటుండిరి.

మా అమ్మ బండికి ఒక ఆచారం ఉండె. పొద్దుగాల మొదటి మిరపకాయ నా చేత్తోనే నూనెల వడాలె. నాకు అప్పుడు ఆరేడేండ్లు. అమ్మ వెనకనుంచి నా మనికట్టు పట్టుకోని పిండిల ముంచిన మిరపకాయను మెల్లగ జారిపిస్తుండె, నూనె సుర్రుమని నురుగొస్తె, "నా బిడ్డ చెయ్యి లచ్చిమి చెయ్యి" అని నా నెత్తి మీద మొటికెలు విరుస్తుండె. ఆ ముచ్చట పక్కోళ్లకు గూడ పాకింది. చాయ్ కొట్టాయన "తిమ్మక్కా, నీ బోణీ పిల్లను జరంత పంపియ్" అని కేక వేస్తుండె. "ఊరికెనే రాదు, నా బిడ్డకు కప్పు నిండ చాయ్ పోస్తెనే వస్తది" అని అమ్మ. "ఏడేండ్ల పిల్లకు కప్పు నిండనా? నీ బిడ్డ చెయ్యి మంచిదేగాని నోరు పెద్దది" అని ఆయన. నేను పోయి ఆయన గిన్నెల మొదటి చక్కెర వేసి వస్తుంటి, పూలామె బుట్టల మొదటి మూర కొలిచి వస్తుంటి. ఆ నాలుగు అంగళ్ల నడుమ నేను ఊరేగింపు దేవరోలె తిరిగిన. అంత గర్వం నాకు మళ్ల ఎన్నడూ లేదు.

అదే ఆచారానికి ఇంకో దిక్కు ఉండె. నర్సవ్వ అని ఒక ముసలామె, మొగుడు చచ్చి ఎన్నేండ్లయిందో, పుంటికూర మూట నెత్తిన పెట్టుకోని రాయచూరుకు పోయే మొదటి బస్సుకు వస్తుండె. ఆమెకు మా బజ్జి అంటె పానం. ఆమె దూరంగ కనబడంగనె అమ్మ తన కాలితోని నా కాలు తొక్కుతుండె. నేను ఉరికి పోయి, "అవ్వా, ఇంగ నూనె కాగలే" అని చెప్పాలె. నూనె కాగి పొగలొస్తున్నా చెప్పాలె. మొదటి గిరాకి ముండమోపి కావద్దు, ఆమె నీడ బాండ్లి మీద పడొద్దు. నర్సవ్వకు అంత తెలుసు. "అట్లనా బిడ్డా, కాగనీ" అని, రోడ్డు పక్క మైలురాయి మీద మాకు వీపు మళ్లిచ్చి కూసుంటుండె. ఎవరన్న గిరాకి వచ్చి తిన్నంకనే నేను పోయి పిలుస్తుంటి. కొన్ని దినాలు గిరాకి కంటె ముందు బస్సొస్తుండె, ఆమె ఆకలితోనే ఎక్కి పోతుండె. ఒకనాడు నన్ను చూసి నవ్వింది. "నీ నూనెకు నేనంటె అంత భయమా బిడ్డా?" నాకు అర్థం కాలే, మంచి నవ్వులాటనుకోని ఉరికి పోయి అమ్మకు చెప్పిన. అమ్మ నా వీపు మీద ఒక్కటేసింది.

అందుకే, నాకు ముప్పై ఏండ్లప్పుడు అమ్మ నన్ను అటు కూసోమంటె, ఎక్కడని ఆ మైలురాయి దిక్కు చూసే పని లేకపోయింది. నేను కూసోలే. అట్లనే నడిచి పోయిన, అమ్మ పిలవలే. నెల తిరగకముందే ఇంటిపనికని కువైటుకు పోయిన.

అక్కడి తిండి గురించి అందరు అడుగుతరు. పని చేసే ఇంట్ల పిల్లలు డబ్బాలల్ల కోడి తెప్పిచ్చుకోని, మెత్తటి కండ తిని, ఎముకల కాడ మిగిలింది నాకు పెడుతుండిరి. బర్గరంటె తియ్యటి బన్ను నడుమ సల్లారిన కైమ, ఆలుగడ్డ చిప్సులు సగం రోజు అయితె తడిసిన తాళ్లోలె అయితుండె. జొన్నరొట్టె తిన్న నోరు ఇది, ఎన్ని తిన్నా ఏదో తక్కువైతుండె. శుక్రారం పొద్దుగాల మూడు గంటలసేపు నాకు బయటికి పోయే సెలవు. కేరళాయన హోటల్ల ఖుబ్బూసు రొట్టెల సమోస నలిపి, ఎర్ర చట్నీ పూసి చుట్టి ఇస్తుండె, దాంతోని గట్టి చాయ్, అది నాలాంటోళ్ల పండుగ. ఆ వరుసలనే ఒక మిసిరి దేశమాయన, అదే ఈజిప్టాయన, చిన్న అంగడి ఉండె. ఒక శుక్రారం ఆ ముంగటికెంచి పోతుంటె నా కాళ్లు ఆగినయి. కాగిన నూనెల శనగపిండి వాసన. లోపట ఆయన నానేసి రుబ్బిన శనగల ముద్దను చిన్న గిన్నెతోని ఒత్తి బాండ్లిల జారుస్తున్నడు. దాని పేరు ఫలాఫిల్ అంట.

వాసన మా బజ్జీది, మనుషులు వేరే. అయినా నేనేం చేసిన? ఆ అంగడి తెరవంగనె పోయి, పక్కకు నిలవడి, వీపు మళ్లిచ్చి, ఎవరో ఒక గిరాకి వచ్చి తిన్నంకనే అడిగిన. నా మొగుడు చచ్చిండని ఆ దేశంల ఒక్కరికి తెల్వదు. నా మెడల ఏమున్నదో ఏం లేదో చూసెటోడు లేడు. నన్ను అటు కూసోమన్నోళ్లు లేరు. నేనే నిలవడ్డ. ఒక శుక్రారం కాదు, ఎన్నో శుక్రారాలు.

ఒకనాడు ఆయనకు కోపమొచ్చింది. ఆయనకు ఉర్దూ కొంచెం వచ్చు. "క్యా దేఖ్తీ? మేరా ఖానా ఖరాబ్ హై?" అన్నడు, ఏం చూస్తున్నవ్, నా తిండి బాగలేదా అని. మా రాయచూరు ఉర్దూల, "తేల్ గరం నై హువా బోల్కే రుకీ" అన్న, నూనె కాగలేదని ఆగిన అని. నా నోటికెంచి ఆ అబద్ధం ఎట్లొచ్చిందో నాకే తెల్వదు. ఆయన నవ్వి, "గరం! దేఖో!" అని ఒక ముద్ద వేసిండు, అది సుర్రుమని పైకి తేలింది. తీసి కాయితంల చుట్టి నా చేతుల పెట్టిండు. బిస్మిల్లా అన్నడు. ఆ పొద్దుకు అదే మొదటిది.

తిన్న. పైన గురుక్కుమంటది, లోపట పచ్చగ కొత్తిమీర, కారం లేదు. ఆ వారమంత ఇల్లు ఊడుస్తున్నా, గిన్నెలు కడుగుతున్నా ఒకటే గుబులు, ఆయన మీద నూనె పడ్డదో, అంగడి కాలిందో అని. మళ్ల శుక్రారం మూల మీదికెంచి తొంగి చూసిన. బంగ్లా కూలోళ్లు, టాక్సీలోళ్లు, ఫిలిపైన్ పిల్లలు వరుసగ నిలవడ్డరు. అంగడికి ఏం కాలే. ఆ పొద్దుకెంచి నేనే ఆయన మొదటి గిరాకిని, సంచిల రెండు పచ్చిమిరపకాయలు పెట్టుకపోయి కొరుక్కుంట తింటుంటి. కొన్నేండ్లకు ఆయన పక్క అంగడి గూడ తీసుకోని గోడ కొట్టిచ్చి పెద్దగ చేసిండు.

సంతోషపడాలె గదా. నాకు కడుపుల మండింది. నర్సవ్వ ముందుగాల ఒక్క బజ్జి తింటె మా బండికి ఏమైతుండె?

నేను కువైటుకు పోయిన తొమ్మిదేండ్లకు మా నాయిన చచ్చిపోయిండు. పనింటోళ్లు సెలవియ్యలే. కొన్ని దినాలకు తమ్ముడు ఫోను చేసి, "అమ్మ ఇప్పుడు బాండ్లి కాడికి వస్తలేదక్కా, బోణీ నా పెండ్లామే చేస్తుంది. అమ్మ ఆ మైలురాయి మీద అటు మల్లుకోని కూసుంటది, పది మంది తిన్నంక లేచి వచ్చి పిండి కలుపుతది" అన్నడు.

"ఎవరు కూసోమన్నరు?"

"ఎవ్వరనలే. ఆమెనే."

నాకు సంతోషమైంది.

రేణుక పెన్ను ఆపింది. "అత్తా, అవ్వ గురించి ఇది వద్దులే" అంటుంది. రేణుకను పెంచింది ఆ అవ్వనే, నాకు తెలుసు. రాయ్ బిడ్డా. సంతోషమైందని రాయ్.

తమ్ముడు ఫోను చేసినప్పుడల్ల వెనకనుంచి అమ్మ గొంతు వినబడుతుండె. "అడగరా, ఆడ ఏం తింటుందో అడుగు." నేను తమ్మునికే చెప్తుంటి, "అన్ని తింటున్న అని చెప్పు." ఫోను అమ్మకియ్యి అనలే. ముండమోపి చెయ్యి బోణీ చేస్తె అంగడికి ఏం కాదని మా వంశంల కండ్లతోని చూసిన మనిషిని నేనొక్కదాన్నే. ఒక్క మాట. అమ్మా, లే, నూనె కాగింది, పోయి వెయ్యి, నేను చూసిన, ఏం కాదు. ఆ మాట చెప్తె అమ్మ లేస్తుండెనో లేవకపోతుండెనో, నేను చెప్పలే. దాచుకున్న. ఊరికొచ్చి, బాండ్లి ముంగట నిలవడి, మొకం మీద చెప్పాలె, అప్పుడు ఆమె మొకం ఎట్లయితదో చూడాలె అని దాచుకున్న. రెండేండ్లు అమ్మ ఆ రాయి మీద కూసున్నది. వానకాలంల జరమొచ్చి నాలుగు దినాలల్ల పోయింది. నేను ఇంకో రెండేండ్లకు వచ్చిన.

ఇప్పుడు రోడ్డు వెడల్పు చేసి మైలురాయి పీకేసిండ్రు. మిల్లు గేటుకు తాళం, మీసాల మీద దూదితోని వచ్చే మొగోళ్లు లేరు. గానుగ లేదు, కుసుమ చేన్లు లేవు, మోదుగాకుల ఇచ్చెటోళ్లు లేరు. మా బండి బందయింది, అది నిలిచే కాడ గోబీ మంచూరి బండి నిలుస్తది, ఎర్ర రంగు, పాకిటు నూనె. నిన్న పొద్దుగాల తెరవంగనె పోయి మొదట నేనే నిలవడ్డ. వాడు తలెత్తి గూడ చూడలే, ఫోను చూసుకుంట ప్లాస్టిక్ పళ్లెంల వేసి ఇచ్చిండు. అంతే. ఎవరు మొదట తిన్నరో, ఎవరి మొగుడు బతికిండో వానికి పట్టింపే లేదు. ఇంత అలకగ పోయేదానికి మా అమ్మ రెండేండ్లు వీపు మళ్లిచ్చి కూసున్నది. నేను పండ్లు బిగబట్టుకోని చూసిన.

చాలు, పెన్ను పెట్టు బిడ్డా. నీకు మీ అవ్వ మీద పానం, నా మీద జాలి. రెండింటికి నడుమ నువ్వు ఏదో మెత్తగ తిప్పి రాసుంటవు. నాకు సంతోషమైందన్న కాడ ఏడుపొచ్చిందని రాసినవో ఏమో. ఏడుపు రాలే. నాకు అక్షరాలు తెల్వయి గాని నా మాటలు తెలుసు, ఒక్కటి మారినా పట్టుకుంట. తలుపు దగ్గరేసి రా, మొదటికెంచి చదువు. జల్ది చదవకు.