మక్కచేన్ల మెటల్ పాటలు

మా బాపుకు కోతులంటే మంట. లక్సెట్టిపేట దగ్గర మా మక్కచేను పాలకంకి పట్టిందంటే చాలు, మందలు మందలు దిగుతయి. మా దిక్కు అందరు చేన్ల మైకు కట్టి, కుక్కల మొరుగుడు, మనుషుల కేకలు పొద్దంత మోగిస్తరు. గా ఏడు మా మైకు పెన్‌డ్రైవ్ ఖరాబయింది. బాపు పరేషానై నాకు ఫోన్ చేసిండు. "బిడ్డా, నీ తాన ఏమన్న లొల్లి ఉన్నదా?"

నేను కరీంనగర్ల నౌకరి చేస్తున్న. నా తాన ఉన్న లొల్లి ఒక్కటే, ఒక మెటల్ బ్యాండోళ్ల మొట్టమొదటి ఆల్బమ్. నడుముల దాక జుట్టు, కండ్లకు కాటిక, మూతికి రంగు, తళతళలాడే ప్యాంట్లు. అందరు మొగోళ్లే. ఫొటో చూసి మా అవ్వ, "గీ పిల్లలకు పెండ్లిళ్లయినయా?" అని అడిగింది. నాకైతే ఆ ఆల్బమంటే పాణం. మొదటిది గదా, అత్తగారింటికి పోయే కొత్తల్లుని లెక్క ఉన్న సోకులన్నీ ఒక్కసారే చేసుకొని వచ్చిండ్రు. పాడేటాయన గొంతు మీదికి మీదికి పోతుంటే తెగుతదేమోనని మనకే భయం. గంత లొల్లిల గూడ రాగం మాత్రం ఇడువరు. పల్లవి ఒక్కసారి ఇంటే గిన్నెలు తోముతున్నా నోట్లె ఆడుతది.

ఆదివారం పోయి కొత్త పెన్‌డ్రైవ్‌ల గా ఆల్బమే ఎక్కించి ఇచ్చిన. మైకు మోగంగనే కోతులు ఎగిరి దుంకి గోదావరి దిక్కు ఉరికినయి. బాపు పడి పడి నవ్విండు. "అబ్బ, ఏం ఒర్రుతుండే! వీన్ని వీని అవ్వ ఎట్ల సాదిందో!"

నాకు కోపమొచ్చింది. "గది ఒర్రుడు కాదు బాపూ, పాట."

"పాటనే తియ్. కోతులైతే పోయినయి గదా."

కొన్ని దినాలకు కోతులకు అలవాటైంది. ఆల్బమ్ నడుమ ఒక మెల్లటి పాట ఉంటది, పిల్ల ఇడిసిపోయిందని ఏడ్చేది. గది రాంగనే చేన్లకు దిగి, కూసోని, కమ్మగ కంకులు ఒలుచుకొని తింటున్నయట. అవ్వ ఫోన్ల ఒక్కతీరు మొత్తుకుంది. "చేను సగం ఖాళీ అయితుంది. పక్కచేనాయన కుక్కల మొరుగుడు ఇస్తనంటే మీ బాపు వద్దంటుండు. నువ్వన్న జర చెప్పు!"

మల్ల ఆదివారం అవ్వ, నేను కలిసి చేనుకు పోయినం. బాపు మంచె మీద కూసోని, ఇంగ్లీషు ముక్క రాకున్నా, తలూపుకుంట పల్లవి అందుకుంటుండు. కింద సాళ్లల్ల కోతులు. నాకు నవ్వాగలే. అవ్వ మాత్రం అగ్గి మీద గుగ్గిలమైంది.

"పంట పోతుంటే పాటలా? గా కుక్కల మొరుగుడు పెడితే నీ సొమ్మేం పోయె?"

బాపు మైకు సప్పుడు తగ్గించిండు. "పొద్దంత ఒక్కన్ని కుక్కల మొరుగుడు ఇనుకుంట కూసోవాల్నానే? ఒక్కన్ని ఉండుడు దుబాయిల ఉన్నన్నేండ్లు సరిపోయింది. వీళ్లు పాడుతుంటే నలుగురి నడుమ ఉన్నట్టుంటది."

నాకైతే ఏడుపొచ్చింది.

తెల్లారి నేను బస్సుకు బయలెల్లేటప్పటికి అవ్వ ఇద్దరికి సరిపోను సద్ది కట్టుకొని, రాళ్లు ఇసిరే ఒడిసెల చేతవట్టుకొని చేను బాటవట్టింది.

"కోతుల కోసం పోతున్న," అన్నది.

నేనేమన్న అడిగిన్నా?