సౌండు తీసేసి చూసిన తమిళ పాటలు

మొన్న శుక్రవారం మా అమ్మాయి బలవంతం మీద అల్ ఖోబర్‌లో ఒక మాల్‌లోని సినిమాహాలుకు వెళ్ళి తమిళ సినిమా చూసి వచ్చాను. ఈ ఊళ్ళో సినిమాహాలు అనే మాట రాయడానికి నా చెయ్యి ఇప్పటికీ కాస్త తటపటాయిస్తుంది. నేను కాపురానికి వచ్చిన కాలంలో ఈ సౌదీ దేశంలో సినిమాహాళ్ళే ఉండేవి కావు, సినిమా చూడాలంటే తలుపులు వేసుకుని, ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూసుకోవలసిందే. నా ఈడువాళ్ళు, గల్ఫులో కాపురాలు చేసినవాళ్ళు ఆ రోజులు మరిచిపోయి ఉండరు. సరే, సినిమా సగంలో ఒక పాట వచ్చింది. తెల్లవారుతున్న రేవులో జనం పడవల నుంచి చేపల గంపలు దించుతున్నారు. ఎవరూ పని ఆపి ఆడింది లేదు, ఆ దించడంలోంచే పాట పుట్టుకొచ్చింది. గంపలు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోతుంటే కెమెరా కూడా వాటితోపాటే చేతులు మారుతున్నట్టు వెళ్ళి, చివరికి ఒడ్డున ఒంటరిగా నిలబడ్డ పిల్ల దగ్గర ఆగింది. సరిగ్గా అప్పుడే మా వరుసలో కుర్రాళ్ళు పాటే కదా అని పాప్‌కార్న్ కోసం లేచి వెళ్ళిపోయారు. మా అమ్మాయి ఫోను తీసి ఏవో మెసేజీలు చూసుకుంది. నేను మాత్రం నాకు పాట చూడడం నేర్పిన మనిషిని తలుచుకుంటూ కూర్చున్నాను.

అప్పట్లో మేము ఈ ఊళ్ళోనే, అల్ అజీజియా పేటలో రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. మావారు ఒక కంపెనీలో ఇంజనీరు. తెల్లవారకముందే సైటు బస్సెక్కితే మళ్ళీ పొద్దువాలాకే ఇంటికి రావడం. తెనాలిలో పదిమంది మధ్య పెరిగిన నాకు ఏసీ చప్పుడు తప్ప మరో పలకరింపు లేని ఆ పగళ్ళు ఎంత పొడుగ్గా ఉండేవో చెప్పలేను. ఆడవాళ్ళం బయటికి వెళ్ళాలంటే మగవాళ్ళు ఇంటికి రావాలి, కారు తియ్యాలి. అలాంటప్పుడు ఎదురు తలుపు తెరుచుకుని, ఒక చిన్న గిన్నెలో పులిహోర పట్టుకుని ఒకావిడ వచ్చి, కొంచెం తమిళం యాస తగిలిన శుభ్రమైన తెలుగులో పలకరించింది. మద్రాసులో పుట్టి పెరిగిన తమిళావిడ. అక్కడ తెలుగువాళ్ళ మధ్య మెలిగిందట, అందుకని మాటలు బాగా వచ్చు. నాకంటే పది పన్నెండేళ్ళు పెద్ద. ఆ రోజు నుంచి ఆవిడ నాకు అక్క, అకౌంటెంటుగా పనిచేసే వాళ్ళాయన బావగారు. వాళ్ళమ్మాయీ ఆ తరవాత పుట్టిన మా అమ్మాయీ రెండిళ్ళలోనూ పెరిగారు.

అక్కకి పాటల క్యాసెట్లంటే ప్రాణం. మా వీధి చివర మలయాళీ ఆయన వీడియో షాపు ఉండేది. ఆ షాపులో క్యాసెట్ల అట్టల మీద హీరోయిన్ల చేతులకీ మెడలకీ ఇక్కడి కట్టుబాట్ల ప్రకారం నల్ల మార్కరుతో రంగు పూసి ఉండేది, ఏ అట్ట చూసినా అందరూ నల్లటి పొడుగు చేతుల జాకెట్లు తొడుక్కున్నట్టే కనిపించేవాళ్ళు. బావగారు అక్కడినుంచి తమిళ పాటల క్యాసెట్లు తెచ్చేవారు. పిల్లల్ని పడుకోబెట్టిన మధ్యాహ్నాలు వాళ్ళింట్లో నేలమీద దిండ్లు వేసుకుని చూసేవాళ్ళం. విచిత్రం ఏమిటంటే అక్క సౌండు పూర్తిగా తీసేసేది. పిల్లలు లేస్తారని కాబోలు అనుకున్నాను మొదట్లో. పిల్లలు ఇంట్లో లేని రోజు కూడా తీసేసేసరికి అడిగాను.

"చెవి ఊరుకోదు చెల్లీ, కంటి పని కూడా తనే చేసేస్తుంది. రాగం బాగుంటే బొమ్మ కూడా బాగుందనిపిస్తుంది. ఒకసారి ఇలా చూడు," అంది.

అలా మూగపాటలు చూడడం నేర్చుకున్నాను. జనమంతా మట్టిరంగు బట్టల్లో ఉంటే పిల్ల ఒక్కతే పసుపుచీర ఎందుకు కట్టిందో, మొదటి చరణంలో నదికి చెరో ఒడ్డునా ఉన్నవాళ్ళు రెండో చరణానికి ఒకే పడవలోకి ఎలా వచ్చారో, పాట మొదలవబోతోందని గాలికి కదిలిన తలుపు ముందే ఎలా చెప్పిందో అన్నీ చూపించేది. మీ తెలుగు పాటలో ఇద్దరూ కొండ మీదకెళ్ళి బట్టలు మార్చుకుని వస్తారు, అక్కడ కొండకేం పని లేదు, వీళ్ళకీ పని లేదు, మా పాటలో రోలుకి కూడా పని ఉంటుంది అని వెక్కిరించేది. నాకు రోషం వచ్చేది. మా పాటల్లో మంచివన్నీ ఏరి ఏరి తెప్పించి పోటీ పెట్టేదాన్ని. ఒక్కోసారి ఒప్పుకునేది కూడా. కానీ నిజం చెప్పొద్దూ, ఆ మూగతెర మీద చూస్తే వాళ్ళ పాటల్లో చాలావాటికి మాటలు లేకపోయినా కథ తెలిసేది. ఇల్లు, వాకిలి, వీధి, పనీపాటా అన్నీ కలిసి ఆడేవి.

ఒక క్యాసెట్‌లో ఏటి మెట్ల మీద పాట ఒకటుండేది. ముందు హీరోహీరోయిన్లు, వెనక మెట్ల మీద చంకన బిందెలతో ఆడపిల్లల వరుస. ఎడమ చివర పిల్ల నడుము కదిలిస్తే ఆ కదలిక కెరటంలా వరుసంతా పాకి కుడి చివరకు వెళ్ళేది, కెమెరా దాని వెంటే పోయేది. అక్క ఆ ముక్క దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసేది. ఒకరోజు అలా చూస్తూ చూస్తూ నేను తెరకి దగ్గరగా జరిగాను. ఎడమ చివర పిల్ల సన్నగా, రెండు జడలతో ఉంది. గడ్డం దగ్గర నొక్కు చూశాక నేను అక్క వైపు తిరిగాను.

"నేనే," అంది అక్క, తెరమీద నుంచి చూపు తిప్పకుండా.

ఆ మధ్యాహ్నం అన్నీ చెప్పింది. వాళ్ళ నాన్న స్టూడియోలో దుస్తులు కుట్టే దర్జీ. పావడాలు వేసుకునే వయసులోనే గ్రూపు డాన్సుల్లో చేరిందట. వానపాటల్లో గంటలకొద్దీ తడిసి జ్వరాలు తెచ్చుకోవడం, మండుటెండలో చలికోట్లు వేసుకుని మంచులో ఉన్నట్టు వణకడం, ముందున్న హీరోయిన్ తడబడితే వెనక వరుసంతా మళ్ళీ మొదటినుంచీ ఆడడం, అన్నీ నవ్వుతూ చెప్పింది. కెరటం మొదలయ్యే చోట తడబడని మనిషి కావాలని డాన్స్ మాస్టరు ఎప్పుడూ తనని ఎడమ చివరే నిలబెట్టేవాడట. తనకి అసిస్టెంటుగా చేరమని ఆయన అడిగిన రోజుల్లోనే సౌదీ సంబంధం వచ్చింది. బావగారికి విషయం చెప్పే పెళ్ళి చేశారు. ఆయన కాదనలేదు కానీ, మా అన్నయ్యకీ అమ్మకీ తెలియనివ్వొద్దు, అక్కడికెళ్ళాక ఎవరితోనూ అనొద్దు అన్నారట. మంచి మనిషే. గట్టిగా ఒక మాట ఆడగా నేను వినలేదు. కానీ నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం మాత్రం ఆయన్ని నీడలా వెంటాడుతుండేది.

తరవాతి ఏడు కాబోలు, ఒక కంపెనీ కాంపౌండు లోపలి హాల్లో మన ఆడవాళ్ళూ పిల్లలూ కలిసి ఒక సాయంత్రం ఆటపాటలు పెట్టుకున్నారు. మగవాళ్ళు రాని కార్యక్రమం. అక్కకి పాటలు బాగా తెలుసని నేనే నలుగురికీ చెప్పి ఉండటంతో మా పిల్లలకి ఏదైనా నేర్పమని అడిగారు. మొదట వద్దంది. రెండు రోజులు ఆలోచించి, పిల్లలే కాదు తల్లులు కూడా ఉండాలి అంది.

రిహార్సల్సు మా ఇంట్లోనే, మంచాలు గోడకి నిలబెట్టి. పాట వాన గురించి. డాన్సు రాదని మొరాయించిన తల్లులందరికీ తలో పని ఇచ్చింది. ఒకావిడ తీగమీద బట్టలు తియ్యాలి. ఒకావిడ కిటికీ మూసి, మళ్ళీ తెరిచి చెయ్యి బయటపెట్టాలి. నేను వడియాల చాప లాక్కుంటూ లోపలికి పరుగెత్తాలి. ఎవరూ ఆడక్కర్లేదు, మీ ఇంట్లో వానొస్తే ఏం చేస్తారో అదే చెయ్యండి, కాకపోతే తాళానికి చెయ్యండి అంది. నాకు చాప పట్టుకుని పరుగెత్తడం ఎంతకీ కుదరలేదు. వడియాల మీద బెంగ ఉన్నదానిలా పరుగెత్తు, బస్సు తప్పిపోయినదానిలా కాదు అని నవ్వించి నవ్వించి నేర్పింది.

ఆ సాయంత్రం నీలం చీరలన్నీ పైన తాడుకి వేలాడదీసి ఉన్నాయి. ముందు ఒక్క చీర కదిలింది, తరవాత రెండు, తరవాత అన్నీ. చిన్నపిల్లలు వాటి కిందనుంచి జల్లులా బయటికొచ్చారు. వాన చూసి ఎన్నాళ్ళయిందో ఆ హాల్లో కూర్చున్నవాళ్ళు. తెలుగువాళ్ళు, తమిళులు, మలయాళీలు, పైటకొంగులు నోటికడ్డం పెట్టుకుని మరీ చూశారు. నా పక్కన నిలబడ్డావిడకి కళ్ళవెంట నీళ్ళు. అయిపోగానే మళ్ళీ వెయ్యమన్నారు, మళ్ళీ వేశాం.

టీలు తాగుతుంటే బావగారి ఊరివైపు నుంచి వచ్చిన ఒకావిడ, వాళ్ళకి దూరపు బంధువు, అక్క దగ్గరకొచ్చి తమిళంలో అడిగింది. అక్క సావాసంతో తమిళం కాస్త పట్టుబడింది కనక, పక్కనే ఉన్న నాకూ అర్థమయింది. ఇదంతా స్కూల్లో నేర్చుకున్నది కాదు, ఎక్కడ నేర్చుకున్నావు అని. అక్క మొహం ఇంకా వెలుగుతూనే ఉంది. ఏదో ఒక అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు.

"సినిమాల్లో," అంది. "పెళ్ళికి ముందు గ్రూప్ డాన్సర్‌ని."

ఆవిడ అలాగా అని, టీ కప్పు కింద పెట్టి వెళ్ళిపోయింది.

మాట ఊరికి చేరడానికి ఎంతోకాలం పట్టలేదు. బావగారి అన్నగారు ఫోను మీద ఫోను. ఇక్కడ మాలో కూడా, చీరల కింద వానలో తడిసి మురిసిన తల్లులే, తమ పిల్లల్ని అక్క దగ్గరికి పంపడం మానేశారు. ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు. పాపకి హోంవర్కు, బాబుకి జలుబు, అంతే. ఒకావిడ మాత్రం నాతో, నీకు ముందే తెలుసా, తెలిసీ ఎలా తిరిగావు అని అడిగింది. తెలిసే తిరిగాను, ఇకముందూ తిరుగుతాను అన్నాను. అక్కతో అంటే, ఎందుకు నాకోసం మాట పడతావు అంది.

బావగారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని అక్క అనేది. మాట తగ్గించేశారు, క్యాసెట్లు తేవడం మానేశారు. ఎండాకాలం సెలవులకి వెళ్ళిన తల్లీకూతుళ్ళని మళ్ళీ తీసుకురాకూడదని నిశ్చయమైంది. పిల్ల చదువు కోసం అని అందరికీ చెప్పారు. బయలుదేరే రోజు నేను సామాను సర్దుతూ, ఆ రోజు అలా చెప్పకుండా ఉండాల్సింది అక్కా అనేశాను.

అక్క పాప గౌను మడతపెట్టి పెట్టెలో సర్దింది. "చెప్పినందుకు నాకేం బాధ లేదు చెల్లీ. పిల్లలకి రెండో పాట కూడా అనుకున్నాను. సంత పాట. ఎవరు ఎక్కడ నిలబడాలో కూడా అంతా అనుకున్నాను. అదొక్కటే," అంది.

ఏటిమెట్ల పాట క్యాసెట్ మాత్రం నాకు ఇచ్చి వెళ్ళింది. అది షాపుదే, షాపాయన్ని అడిగి కొనుక్కున్నదట. కొన్నాళ్ళు ఉత్తరాలు నడిచాయి, బావగారు కూడా వెళ్ళిపోయాక ఇల్లు మారినట్టున్నారు, నా ఉత్తరాలు తిరిగి రావడం మొదలుపెట్టాయి.

బావగారు ఇంకొన్నేళ్ళు ఇక్కడే ఒంటరిగా ఉన్నారు. ఇద్దరు ముగ్గురితో కలిసి ఒక గదిలో మకాం. శుక్రవారాలు మావారు భోజనానికి పిలుచుకొచ్చేవారు. తలవంచుకుని తిని, చెయ్యి కడుక్కుని, ఊళ్ళో అందరూ కులాసా అని చెప్పి వెళ్ళిపోయేవారు. ఉద్యోగం చాలించి, ఫైనల్ ఎగ్జిట్ మీద దేశం విడిచి వెళ్ళిపోయే ముందు వచ్చినప్పుడు, మావారు నమాజు వేళకి షాపులు మూసేస్తారని హడావిడిగా బజారుకి వెళ్ళాక, ఆయన కుర్చీలో ముందుకి జరిగి, "అమ్మా, ఆ క్యాసెట్ మీ దగ్గరే ఉందని విన్నాను. ఒకసారి వేస్తారా?" అన్నారు.

వేశాను. గీతలు పడి బొమ్మ వణుకుతోంది. ఏటి మెట్లు వచ్చాయి, బిందెల వరుస వచ్చింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నారు.

"ఇందులో ఎవరమ్మా తను?"

నేను నిర్ఘాంతపోయాను. అన్నేళ్ళ కాపురంలో ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. లేచి వెళ్ళి తెరమీద వేలు పెట్టి చూపించాను. వెనక్కి తిప్పమన్నారు. కెరటం మొదలై వరుసంతా పాకింది. మళ్ళీ తిప్పమన్నారు. బాగా ఆడుతోంది కదూ అని మెల్లిగా, నన్ను అడుగుతున్నట్టు కాక తనలో తను అనుకున్నట్టు అన్నారు. క్యాసెట్ తీసి ఇవ్వబోతే వద్దని చేత్తోనే సైగ చేసి చెప్పులు తొడుక్కున్నారు. వెళ్ళి ఆమెకి చెప్పారో లేదో, ఆ మాట ఆవిడ చెవిన పడిందో లేదో నాకు తెలియదు. ఎంతమందిని అడిగినా వాళ్ళ జాడ మళ్ళీ దొరకలేదు.

ఇప్పుడు అంతా మారింది. ఈ మధ్య ఇక్కడ మనవాళ్ళ పండగ కార్యక్రమంలో, ఆడా మగా అందరూ కూర్చున్న హాల్లో, ఒక తల్లి మైకు పట్టుకుని తాను ఒకప్పుడు సినిమాల్లో గ్రూప్ డాన్సర్‌నని చెప్పి, కూతురితో కలిసి ఆడింది. భర్త ముందు వరుసలో నిలబడి ఫోనులో తీసుకున్నాడు. అందరూ ఆవిడ పక్కన నిలబడి ఫోటోలు దిగారు. నేనూ చప్పట్లు కొట్టాను. కొడుతూనే మా అమ్మాయి చెవిలో, మన ఎదురింటి పెద్దమ్మ గుర్తుందా అని మొదలుపెట్టి అప్పుడు ఏం జరిగిందో చెప్పాను. తనకి నీలం చీరలు కొంచెం గుర్తున్నాయట, తక్కినదేమీ తెలియదు.

అంతా విని, "ఇందులో దాచుకోవలసింది ఏముందమ్మా?" అంది.

ఏమీ లేదు. అప్పుడూ లేదు. కానీ ఆ రోజుల్లో, వానలో తడిసినంత ఆనందపడ్డ ఆ హాల్లో, ఆ చిన్న ప్రశ్న అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు.